భద్రత గిట్టుబాటవుతుందా?

పాతికేళ్ల కార్మికుడు ఒకరు ఫ్యాక్టరీలో పనిచేస్తూ చనిపోయారనుకుందాం. కుటుంబానికి చట్టం ఇప్పించే పరిహారం ఎంతో తెలుసుకోవడానికి లాయరు అక్కర్లేదు, కాగితం పెన్ను చాలు. నెల జీతంలో సగం తీసుకుని, వయసునుబట్టి చట్టం ఇచ్చిన గుణకంతో హెచ్చవేయాలి. జీతం ఎంతున్నా లెక్కకు తీసుకునేది 15,000 రూపాయల వరకే. 2020 జనవరి నుంచి పరిమితి అది. అందులో సగం 7,500. పాతికేళ్ల వయసుకు గుణకం 216.91. హెచ్చవేస్తే 16,26,825 రూపాయలు. అదే మనిషి యాభయ్యేళ్లవాడైతే గుణకం 153.09కి దిగుతుంది, మొత్తం పదకొండున్నర లక్షల దగ్గర ఆగిపోతుంది.

అతనికి ఈఎస్ఐ కార్డు ఉంటే యజమాని ఈ సొమ్ము కూడా ఇవ్వనక్కర్లేదు. భార్యాపిల్లలకు నెలనెలా పింఛను ఈఎస్ఐ సంస్థే చూసుకుంటుంది. జీతం మీద 3.25 శాతం చొప్పున కట్టిన చందాతోనే యజమాని పరిహార బాధ్యత తీరిపోయినట్టు లెక్క.

ఈ లెక్కతో మొదలుపెట్టడానికి కారణం ఉంది. ఏటా మార్చి 4న జాతీయ భద్రతా దినం వస్తుంది. 1966లో జాతీయ భద్రతా మండలి పుట్టిన రోజు అది. ఆ వారమంతా ఫ్యాక్టరీ గేట్ల మీద ఫ్లెక్సీలు, ప్రతిజ్ఞలు, క్విజ్ పోటీలు, గెలిచినవారికి స్టీలు డబ్బాలు. భద్రత మీద పెట్టే రూపాయి ఖర్చు కింద రాదు, పెట్టుబడి అని మేనేజింగ్ డైరెక్టర్ మైకులో చెబుతారు. నిజమేనా? ఎవరికి పెట్టుబడి, ఎన్నాళ్లకు తిరిగొస్తుంది? ఈ ప్రశ్న మీద తొంభై ఏళ్లకు పైగా లెక్కలు కడుతూనే ఉన్నారు. వాటిని తిరగేస్తూ పోతే నాకు అర్థమైంది ఇదీ: భద్రత గిట్టుబాటవుతుంది గానీ తనంతట తాను అవదు. ప్రమాదానికి ఎవరో ఒకరు గట్టి ధర కట్టాలి, ఆ ధర నిర్ణయం తీసుకున్నవాడి జేబులోంచే రావాలి. ఆ రెండూ ఉన్నచోట లెక్క కుదురుతుంది. లేనిచోట ఫ్లెక్సీ మిగులుతుంది.

సేఫ్టీ చదువులో మొదటి పాఠం ఇప్పటికీ హెర్బర్ట్ హైన్రిక్‌దే. ఆయన అమెరికాలో ట్రావెలర్స్ అనే బీమా కంపెనీ ఉద్యోగి. 1931లో వేసిన పుస్తకంలో రెండు లెక్కలు చెప్పాడు. ఒక పెద్ద గాయం వెనక 29 చిన్న గాయాలు, గాయం లేకుండా తప్పిపోయిన 300 ఘటనలు ఉంటాయన్నది మొదటిది. సేఫ్టీ ఆఫీసర్ల గదుల్లో గోడ మీద కనిపించే త్రికోణం అదే. బీమా భరించే ప్రతి డాలరుకూ బీమా భరించని నాలుగు డాలర్ల నష్టం దాగి ఉంటుందన్నది రెండోది. ఆగిన మిషను, పాడైన సరుకు, చూడ్డానికి గుమిగూడిన తోటివాళ్ల సమయం, కొత్త మనిషికి పని నేర్పే రోజులు, ఇవన్నీ ఆ నాలుగులో వస్తాయి. యజమానికి యజమాని భాషలో భద్రత గురించి చెప్పిన తొలి ప్రయత్నం అది.

చిక్కేమిటంటే, హైన్రిక్ ఏ ప్రమాద నివేదికల మీద ఈ సంఖ్యలు కట్టాడో ఆ కాగితాలు తర్వాతివారికి దొరకలేదు. పైగా 88 శాతం ప్రమాదాలకు కార్మికుడి తప్పు పనే కారణమని కూడా ఆయనే రాశాడు. నాలుగింతల నష్టం మాటను యజమానులు మరిచిపోయారు గానీ 88 శాతాన్ని మాత్రం భద్రంగా దాచుకున్నారు. మన దగ్గర ఈనాటికీ ప్రమాదం మర్నాడు పేపర్లో వచ్చే ‘కార్మికుడి నిర్లక్ష్యం’ అన్న మాటకు తాతముత్తాతలు అక్కడున్నారు.

దాగి ఉన్న నష్టాన్ని నిజంగా కొలిచి చూసింది బ్రిటన్ ఆరోగ్య భద్రతా సంస్థ. ఒక నిర్మాణ స్థలం, ఒక డెయిరీ, ఒక రవాణా కంపెనీ, సముద్రంలో ఒక చమురు ప్లాట్‌ఫాం, ఒక ఆసుపత్రి. ఈ అయిదు చోట్లా నెలల తరబడి చిన్నాపెద్దా ప్రతి ఘటననూ నమోదు చేసి 1993లో ఫలితాలు ప్రకటించింది. ఆ కాలంలో ఎక్కడా ఘోర ప్రమాదం జరగలేదు. అయినా రవాణా కంపెనీలో నష్టం లాభంలో 37 శాతానికి సమానమైంది. నిర్మాణంలో టెండరు విలువలో 8.5 శాతం, ఆసుపత్రిలో ఏటా నడిపే ఖర్చులో 5 శాతం. డెయిరీలో మాత్రం ఖర్చులో 1.4 శాతమే. బీమా తీర్చే ప్రతి పౌండుకూ తీర్చని పౌండ్లు 8 నుంచి 36 దాకా తేలాయి. హైన్రిక్ నాలుగన్నది మరీ మొహమాటపడి చెప్పినట్టుంది. కానీ డెయిరీకీ రవాణాకూ మధ్య తేడా చూడండి. ఒకే గుణకాన్ని అన్ని పరిశ్రమలకూ అంటగట్టే సేఫ్టీ ప్రెజెంటేషన్లను అనుమానంగా చూడాలని ఈ అధ్యయనమే నేర్పుతుంది.

అంతర్జాతీయ సామాజిక భద్రతా సంఘం 2011లో ఇంకో సంఖ్య ఇచ్చింది: నివారణ మీద ఒకటి పెడితే 2.2 తిరిగొస్తుందని. ఇది ఊరూరా తిరిగే సంఖ్య. నాకు దీని మీద పెద్ద గురి లేదు. 300 కంపెనీల వాళ్లను అడిగి, వాళ్లు అంచనాగా చెప్పిన జవాబుల నుంచి తీసిన సగటు అది. పుస్తకాలు తనిఖీ చేసి తీసిన లాభం కాదు. భద్రత మీద డబ్బు ఖర్చు పెట్టినవారిని ‘అది దండగ అయిందా?’ అని అడిగితే ఎవరు అవునంటారు?

దీనికంటే ఒక కథ ఎక్కువ ప్రచారంలో ఉంది. అల్యూమినియం తయారుచేసే ఆల్కోవాకు 1987లో పాల్ ఓనీల్ అధిపతి అయ్యాడు. ఇన్వెస్టర్ల తొలి సమావేశంలో లాభాల ఊసెత్తకుండా కార్మికుల గాయాల గురించి మాట్లాడాడు. ఒక్క గాయం కూడా లేని కంపెనీని చేస్తానన్నాడు. విన్నవారిలో ఒకాయన బయటికి పరుగెత్తి, షేర్లు అమ్మేయమని తన ఖాతాదారులకు ఫోన్లు చేశాడట. ఓనీల్ దిగిపోయేనాటికి వందమంది కార్మికులకు గాయాల వల్ల పోయే పనిదినాలు 1.86 నుంచి 0.2కి తగ్గాయి. 1986లో 300 కోట్ల డాలర్లున్న కంపెనీ మార్కెట్ విలువ 2000 నాటికి 2,700 కోట్లు దాటింది. భద్రత వల్లే ఇంత పెరిగిందనడానికి రుజువు లేదు. ఆ పధ్నాలుగేళ్లలో అమెరికా స్టాక్ మార్కెట్టే ఎన్నో రెట్లు పెరిగింది. అయితే ఈ కథలో నాకు నచ్చేది వేరే ముక్క. భద్రతకు బడ్జెట్టే ఉండదన్నాడు ఓనీల్. ప్రమాదం కనబడితే ఆగకుండా సరిచేయండి, డబ్బు సంగతి తర్వాత చూద్దామన్నాడు. గాయం ఎందుకైందో వెతకాలంటే ఆ ప్రక్రియ ఎలా నడుస్తోందో కూలంకషంగా తెలియాలి. అది తెలిసినచోట సరుకు నాణ్యత కూడా పెరుగుతుంది. లాభం వచ్చిందంటే ఆ దారిలో వచ్చి ఉండాలి.

గట్టి రుజువు కావాలంటే కాలిఫోర్నియా వైపు చూడాలి. అక్కడ ప్రమాదకర పరిశ్రమల్లో కొన్నింటిని లాటరీ తీసినట్టు ఎంపిక చేసి భద్రతా అధికారులు తనిఖీ చేస్తారు. తనిఖీ జరిగినవాటినీ, అదే రకానివైనా లాటరీలో రానివాటినీ పోల్చి లెవిన్, టోఫెల్, జాన్సన్ అనే ముగ్గురు పరిశోధకులు 2012లో సైన్స్ పత్రికలో ఫలితాలు ప్రకటించారు. తనిఖీ జరిగినచోట గాయాలు 9.4 శాతం, గాయాల తాలూకు పరిహారం ఖర్చు 26 శాతం తగ్గాయి. అమ్మకాలు తగ్గలేదు, ఉద్యోగాలు పోలేదు, మూతపడినవి పెరగలేదు. తనిఖీ అధికారి గడప తొక్కితే పరిశ్రమ చచ్చిపోతుందనే వాదనకు ఇంతకంటే సూటి జవాబు నేను చూడలేదు. ఇన్‌స్పెక్టర్ రాజ్ అని మనం వెక్కిరించే విషయంలో ఈ అధ్యయనాన్ని ఒకసారి తలుచుకోవచ్చు. ఇందులో ఇంకో సంగతి కూడా ఉంది. భద్రత నిజంగా అంత లాభసాటి అయితే తనిఖీ వచ్చేదాకా ఆ కంపెనీలు ఎందుకు ఆగినట్టు?

ఇంతవరకూ చెప్పినవన్నీ తరచుగా జరిగే చిన్న ప్రమాదాల లెక్కలు. కాలు జారడం, వేలు నలగడం, ఫోర్క్‌లిఫ్ట్ తగలడం. వీటికి సగటు ఉంటుంది, ఏడాది తిరిగేసరికి తేడా కనిపిస్తుంది. ముప్ఫయ్యేళ్లకోసారి వచ్చే విస్ఫోటానికి సగటు ఉండదు. 2010 ఏప్రిల్ 20న గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో డీప్‌వాటర్ హొరైజన్ రిగ్ మీదికి బీపీ, ట్రాన్సోషన్ కంపెనీల పెద్దలు వెళ్లారు. పనిదినం పోగొట్టే గాయం ఒక్కటీ లేకుండా రిగ్ ఏడేళ్లు పూర్తిచేసిందని అభినందించడం కూడా ఆ రాకలో భాగమే. ఆ రాత్రే రిగ్ పేలి 11 మంది చనిపోయారు. బీపీకి అయిన ఖర్చు 6,500 కోట్ల డాలర్లు దాటింది. వేలికి దెబ్బ తగలకుండా చూడటం వేరు, బావిలో ఒత్తిడిని అదుపులో ఉంచడం వేరు. మొదటిదాని బోర్డు చూసి రెండోది బాగుందనుకున్నారు.

మన విశాఖకు వద్దాం. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీద పడింది. పన్నెండు మంది చనిపోయారు, వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. స్టైరీన్‌ను చల్లగా ఉంచాలి, తనలో తాను గడ్డకట్టకుండా ఒక నిరోధక రసాయనం కలుపుతూ ఉండాలి. గడ్డకట్టడం మొదలైతే వేడి పుడుతుంది, ఆ వేడికి గడ్డకట్టడం ఇంకా జోరందుకుంటుంది. రాష్ట్ర ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ కంపెనీ లోపాలను ఒక్కొక్కటే రాసింది. శీతలీకరణ యంత్రం ఇరవైనాలుగు గంటలూ నడవలేదు. నిరోధక రసాయనం చాలినంత లేదు. ఉష్ణోగ్రత కొలిచే పరికరం ట్యాంకు అడుగున మాత్రమే ఉంది, పైన ఎంత కాగుతోందో తెలియలేదు. సైరన్ మోగించే ఏర్పాటు 36 చోట్ల ఉండి కూడా ఒక్కటీ మోగలేదు.

శీతలీకరణ దగ్గర కాస్త ఆగాలి. 1984లో భోపాల్‌లో యూనియన్ కార్బైడ్ వాళ్ల మిథైల్ ఐసోసైనేట్ ట్యాంకును చల్లబరిచే యంత్రాన్ని ప్రమాదానికి నెలల ముందే ఆపేశారు. అదీ పొదుపు కోసమే. ముప్ఫయ్యారేళ్ల తేడాతో రెండు ట్యాంకులు, రెండు రసాయనాలు, ఒకే రకం పొదుపు. కరెంటు బిల్లు నెలాఖరుకు కళ్లబడుతుంది. ఆ బిల్లు తగ్గించిన మేనేజరుకు మెప్పు దొరుకుతుంది. జరగని ప్రమాదానికి ఓచరు ఉండదు, దాన్ని ఆపినవాడికి ఇంక్రిమెంటు పడదు. భోపాల్ కేసు చివర్లో ఏం జరిగిందో కూడా గుర్తుంచుకోవాలి. 1989 ఫిబ్రవరిలో 47 కోట్ల డాలర్లకు రాజీ కుదిరిందన్న వార్త రాగానే న్యూయార్క్‌లో యూనియన్ కార్బైడ్ షేరు ధర పెరిగింది. ప్రమాదానికి మదుపుదారులు భయపడినంత ధర కట్టాల్సి రాలేదన్నమాట.

వెంకటాపురం తర్వాత జాతీయ హరిత ట్రిబ్యునల్ మర్నాడే 50 కోట్లు జమ చేయమంది. కంపెనీ కొరియన్ అధిపతితో సహా పలువురు అరెస్టయ్యారు. దాదాపు 13 వేల టన్నుల స్టైరీన్‌ను ఓడల్లో తిరిగి కొరియాకు పంపించారు. ప్లాంటు మూతపడింది. కొన్ని బకెట్ల నిరోధక రసాయనానికి, రాత్రిపూట కరెంటుకు అయ్యే ఖర్చుతో దీన్ని తూచి చూస్తే భద్రతే చవక అని ఎవరైనా చెబుతారు. అయితే మృతుల కుటుంబాలకు కోటి రూపాయల చొప్పున ప్రకటించింది రాష్ట్ర ప్రభుత్వం. ఆ సాయం అవసరమే, కాదనను. కానీ ఆ కోటి పన్ను కట్టేవాళ్లది. ప్రమాదం చేసినవాడి ఖాతాలోంచి వెళ్లాల్సిన సొమ్ములో కొంత మన ఖాతాలోంచి వెళ్లింది.

తర్వాతివి తేదీలు చెబితే చాలు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లో ఎసెన్షియా కంపెనీలో ద్రావకం కారి, ఆవిరి అంటుకుని 17 మంది పోయారు. 2025 జూన్ 30న పాశమైలారంలో సిగాచి ఇండస్ట్రీస్‌లో పేలుడు. దొరకని ఎనిమిది మందిని కలుపుకుని మృతులు 54. అక్కడ తయారయ్యేది మందుబిళ్లను గట్టిగా పట్టి ఉంచే సెల్యులోజ్ పొడి, చూడటానికి మైదాలా ఉంటుంది. చనిపోయినవారిలో చాలామంది బీహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్, జార్ఖండ్ నుంచి వచ్చినవారు. సిగాచి లిస్టెడ్ కంపెనీ కాబట్టి షేరు ధర వెంటనే కూలింది, మృతుల కుటుంబాలకు కోటి చొప్పున ఇస్తామని కంపెనీ స్టాక్ ఎక్స్ఛేంజీకి రాసిచ్చింది. వ్యాసం మొదట్లో కట్టిన 16 లక్షలకూ ఈ కోటికీ మధ్య ఉన్న తేడా చూడండి. చట్టం చెప్పిన ధరకు ఆరు రెట్లు, అదీ ఒకేసారి అంతమంది పోయి దేశమంతా చూసినందుకు. ఒక్కడే పోయిన రోజున ఈ ధర పలకదు. 2017 నుంచి 2020 వరకు దేశంలో రిజిస్టరైన ఫ్యాక్టరీల్లో ఏటా సగటున 1,109 మంది చనిపోయారని కేంద్ర సంస్థ డీజీఫాస్లీ లెక్కలు చెబుతున్నాయి. రోజుకు ముగ్గురు. ఒక్కొక్కరుగా, జిల్లా ఎడిషన్లో లోపలి పేజీల్లో.

కొన్నేళ్ల కిందట హైదరాబాద్ శివార్లలో ఒక బల్క్ డ్రగ్ యూనిట్ చూడ్డానికి వెళ్లాను. మందు పొడి ప్యాక్ చేసే గదిలోకి వెళ్లేముందు నా చేత చెప్పులు విప్పించి, గౌను తొడిగించి, తలకు టోపీ, మూతికి మాస్కు పెట్టించి, చేతులు రెండుసార్లు కడిగించారు. గాలి పీడనం ఎంతో గోడ మీద మీటర్లో కనిపిస్తోంది, గంటగంటకూ ఒకమ్మాయి దాన్ని రిజిస్టర్లో రాసి సంతకం పెడుతోంది. అదే ప్రహరీలోపల వెనక యార్డులో, మూతికి తుండుగుడ్డ కట్టుకున్న కుర్రాడు డ్రమ్ములోంచి ద్రావకాన్ని పైపు పెట్టి బకెట్లోకి దించుతున్నాడు. ముందు గదిలో అంత శ్రద్ధ ఎందుకో అందరికీ తెలిసిందే. అమెరికా ఎఫ్‌డీఏ వాళ్లు ఏ రోజైనా వస్తారు. రిజిస్టర్లో ఒక పేజీ చించినట్టు అనుమానం వచ్చినా హెచ్చరిక లేఖ రాస్తారు, ఇంకా ముదిరితే ఆ ప్లాంటు సరుకు అమెరికాలో దిగకుండా ఆపేస్తారు. వెనక యార్డు వాళ్ల పరిధిలోకి రాదు. కొనేవాడు మాత్రను తిప్పి పంపగలడు గనక మాత్ర చుట్టూ అంత కాపలా. మన వాళ్లకు క్రమశిక్షణ రాదనీ, సేఫ్టీ కల్చర్ లేదనీ సెమినార్లలో వింటుంటాం. ముందు గదిలో ఆ అమ్మాయి చేతి రాత చూసినవారెవరూ ఆ మాట అనలేరు.

విచిత్రం ఏమిటంటే ఆ వెనక యార్డులోనే డబ్బు ఆవిరైపోతోంది. బల్క్ డ్రగ్ తయారీలో, నీళ్లు పక్కన పెడితే, వాడే పదార్థాల బరువులో సింహభాగం ద్రావకాలదే. గాలిలో కలిసిన ద్రావకం ముందు డబ్బు నష్టం, తర్వాత కార్మికుడి ఊపిరితిత్తులకు నష్టం, నిప్పురవ్వ దొరికితే పేలుడు, వాగులో కలిస్తే కాలుష్యం. అకౌంట్స్, వైద్యం, సేఫ్టీ, పర్యావరణం అని నాలుగు టేబుళ్ల మీద నాలుగు ఫైళ్లు తిరుగుతాయి గానీ కారేది ఒక్క పైపే. ఆవిరిని పట్టి చల్లార్చి మళ్లీ వాడుకునే యూనిట్లకు పెట్టుబడి త్వరగానే తిరిగొస్తుంది. 3ఎం కంపెనీ 1975లోనే కాలుష్యాన్ని ఆపితే డబ్బు మిగులుతుందనే పేరుతో ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. 1995లో మైకేల్ పోర్టర్, వాన్ డర్ లిండే ఒక ఆర్థికశాస్త్ర పత్రికలో ఇంకో అడుగు ముందుకేసి, కఠినమైన పర్యావరణ చట్టాలే కంపెనీలను కొత్త పద్ధతుల వైపు నెట్టి లాభపెడతాయన్నారు. అదే సంచికలో పామర్, ఓట్స్, పోర్ట్‌నీ అనే ఆర్థికవేత్తలు ఒప్పుకోలేదు. రోడ్డు మీద వందనోటు పడి ఉంటే ఈపాటికి ఎవరో తీసుకునే ఉండరా అన్నది ఆర్థికవేత్తల పాత జోకు. నాకు తెలిసిన ఫ్యాక్టరీల్లో నోట్లు పడే ఉంటాయి. వంగి తీసుకోవాల్సిన ప్రొడక్షన్ మేనేజరుకు నెల టార్గెట్ తప్ప నేల చూసే తీరిక ఉండదు.

పటాన్‌చెరు కథ వేరే దారిలో నడిచింది. నక్కవాగులో పారిన రసాయనాల మీద కేసు 1990లో సుప్రీంకోర్టుకు ఎక్కి దశాబ్దాలు సాగింది. రైతులకు పరిహారం, ఉమ్మడి శుద్ధి కేంద్రం, కమిటీ మీద కమిటీ. 2007లో స్వీడన్ గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన యోకిమ్ లార్సన్ బృందం ఆ శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షించింది. సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. వైద్యంలో రోగి రక్తంలో ఉండే మోతాదుకంటే అది ఎక్కువ. మందులకు లొంగని సూక్ష్మజీవులు అక్కడ పుడితే అవి వీసా అడగవు గనక యూరప్ ఉలిక్కిపడింది. నార్వే ఆసుపత్రుల కొనుగోలు సంస్థ టెండర్లలో పర్యావరణానికీ మార్కులు పెట్టింది. 2022లో ఔషధ పరిశ్రమల కూటమి యాంటీబయాటిక్ తయారీకి ప్రమాణం తెచ్చింది, 2023లో బ్రిటిష్ స్టాండర్డ్స్ సంస్థ దానికి ధ్రువపత్రం ఇవ్వడం మొదలుపెట్టింది. మన కేంద్ర ప్రభుత్వం 2020 జనవరి ముసాయిదాలో వ్యర్థజలాల్లో యాంటీబయాటిక్‌కు పరిమితులు పెట్టి, 2021 తుది నిబంధనల్లో తీసేసింది. నార్వే టెండరుకు ఉన్న పట్టు మన గెజిట్‌కు లేకపోయింది.

వ్యాపార లెక్క పూర్తిగా చేతులెత్తేసేది జబ్బుల దగ్గర. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2023 అంచనా ప్రకారం పని కారణంగా ఏటా చనిపోయేవారు 29.3 లక్షలు. అందులో ప్రమాదాల్లో పోయేవారు 3.3 లక్షలే. మిగతా 26 లక్షలు జబ్బులు. రాళ్ల క్రషర్లో, క్వార్ట్జ్ మిల్లులో పీల్చిన దుమ్ము ఊపిరితిత్తిని గట్టిపరచడానికి పది ఇరవై ఏళ్లు పడుతుంది. ఈలోగా ఆ కూలీ నలుగురు కాంట్రాక్టర్లు మారి ఉంటాడు, హాజరు పట్టీ ఎక్కడా ఉండదు, ఊళ్లో డాక్టరు టీబీ మందులు రాస్తాడు. ఖర్చు భార్య పుస్తెలతాడు మీద, ప్రభుత్వాసుపత్రి మంచం మీద పడుతుంది. దుమ్ము మీద నీళ్లు చల్లే ఏర్పాటు చేయనివాడి లెడ్జరులో ఒక్క గీతా పడదు. ఇలాంటి చోట భద్రత లాభసాటి అని యజమానికి నచ్చజెప్పడం అబద్ధం చెప్పడమే. అతనికి అది లాభసాటి కాదు. చట్టమే చేయించాలి.

ధర కట్టే పనిముట్లు ఇతర దేశాల్లో ఉన్నాయి. జర్మనీలో ప్రమాద బీమా చందా పరిశ్రమలోని అపాయాన్నిబట్టి మారుతుంది. అమెరికాలో ప్రతి కంపెనీ పరిహార బీమాకూ దాని గత ప్రమాదాలనుబట్టి ఒక గుణకం ఉంటుంది. అది ఒకటి దాటిన కాంట్రాక్టరును చాలా పెద్ద ప్రాజెక్టుల్లో గేటు కూడా దాటనివ్వరు. మన ఈఎస్ఐలో పదేళ్లుగా గోరుకు దెబ్బ తగలని యూనిట్టూ, ఏటా ఒక శవం బయటికొచ్చే యూనిట్టూ అదే 3.25 శాతం కడతాయి. అపాయకర రసాయనాల ప్రమాదంలో బయటివారు చనిపోతే తక్షణ సాయం కోసం 1991లో ప్రజా బాధ్యత బీమా చట్టం తెచ్చారు. మరణానికి అందులో రాసిన మొత్తం 25,000 రూపాయలు. మూడు దశాబ్దాలకు పైగా అదే అంకె ఉండిపోయింది. 1986 ఓలియం గ్యాస్ లీకు కేసులో సుప్రీంకోర్టు మాత్రం, పరిహారం కంపెనీ స్తోమతకు తగ్గట్టు ఉండాలి, అప్పుడే అది నొప్పి పుట్టిస్తుందని చెప్పింది. సూత్రం గొప్పది. కింది కోర్టుల్లో దాన్ని చూసినవారు తక్కువ.

2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రతా కోడ్‌లో మంచీ ఉంది, బెంగా ఉంది. నియమాలు తప్పినందువల్ల మనిషి చనిపోతే జరిమానా అయిదు లక్షలకు తగ్గకూడదంది, పాత చట్టంలో అది 25 వేలు. జరిమానాలో కనీసం సగం బాధిత కుటుంబానికి ఇప్పించవచ్చంది. మరోపక్క కరెంటుతో నడిచే ఫ్యాక్టరీ అనిపించుకోవడానికి కావలసిన కార్మికుల సంఖ్య పది నుంచి ఇరవైకి, కరెంటు లేనివాటికి ఇరవై నుంచి నలభైకి పెరిగింది. సేఫ్టీ ఆఫీసరు తప్పనిసరి కావాలంటే 500 మంది ఉండాలి, అపాయకర ప్రక్రియలైతే 250. పాశమైలారం, జీడిమెట్ల, అచ్యుతాపురం షెడ్లలో ఒక షిఫ్టులో అంతమంది ఉండేవి ఎన్ని? ప్రమాదం తలలు లెక్కపెట్టుకుని రాదు.

పెద్ద లిస్టెడ్ కంపెనీలకు సెబీ 2022–23 నుంచి ఒక నివేదిక తప్పనిసరి చేసింది. మార్కెట్ విలువలో మొదటి వెయ్యి కంపెనీలు గాయాల రేటు, మరణాలు, ఉద్యోగులకూ కార్మికులకూ విడివిడిగా ప్రకటించాలి. ఇది పనికొచ్చే మెట్టు. కానీ వెయ్యి కంపెనీలకు సరుకు చేసిపెట్టే పది వేల చిన్న యూనిట్ల మరణాలు ఆ పట్టికల్లోకి రావు. అపాయకరమైన రియాక్షన్‌ను బయటి జాబ్‌వర్క్ యూనిట్‌కు ఇచ్చేస్తే పెద్ద కంపెనీ గాయాల రేటు ఇంకా అందంగా కనిపిస్తుంది.

నిర్ణయం తీసుకునేవాడికీ ప్రమాదానికీ మధ్య దూరం గురించి చెప్పాలంటే డ్యూపాంట్ కుటుంబం కథే చెప్పాలి. 1802లో అమెరికాలో బ్రాండీవైన్ ఏటి ఒడ్డున తుపాకిమందు మిల్లు పెట్టారు. గదులకు మూడు వైపులా మందపాటి రాతి గోడలు, పేలితే నిప్పు నీళ్ల మీదికి పోయేలా ఏటి వైపు పల్చటి గోడ. కొత్త మిల్లును ముందు యాజమాన్యంలో ఒకరు స్వయంగా నడిపి చూశాకే కార్మికులు అడుగుపెట్టాలని నియమం. యజమాని ఇల్లు మిల్లుల పైనున్న గుట్ట మీదే. 1818 పేలుడులో ఇంటి ఇల్లాలికే గాయమైంది. ఇరవయ్యో శతాబ్దంలో ప్రపంచమంతా సేఫ్టీ పాఠాలు చెప్పించుకున్నది ఈ కంపెనీ దగ్గరే. మన దగ్గర కూడా ఎన్నో పరిశ్రమలు డబ్బు కట్టి నేర్చుకున్నాయి. అదే కంపెనీ వెస్ట్ వర్జీనియాలోని పార్కర్స్‌బర్గ్ ప్లాంటులో టెఫ్లాన్ కోసం వాడిన పీఎఫ్‌ఓఏ అనే రసాయనం దశాబ్దాల పాటు ఒహాయో నదిలోకి, చుట్టుపక్కల ఊళ్ల తాగునీళ్లలోకి చేరింది. 2017లో దాదాపు 3,550 మంది వేసిన కేసులను 67 కోట్ల డాలర్లకు రాజీ చేసుకున్నారు. కంపెనీ ప్రధాన కార్యాలయం బ్రాండీవైన్ పక్కనున్న విల్మింగ్టన్‌లోనే ఉంది. అక్కడి నుంచి పార్కర్స్‌బర్గ్ దాదాపు 500 కిలోమీటర్లు.